కూడలి లెక్క తేలకుండా బండిని ఎంచుకోవద్దు: నగర రవాణా పాలకమండళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి సభ్యులకు,

నమస్కారం. మీ బల్ల మీదకు రెండు ప్రతిపాదనలు వస్తాయి. ఒకదాని అట్ట మీద పట్టాల మీద సాగే లైట్ రైల్ బొమ్మ, రెండోదాని మీద రోడ్డు మధ్యలో ప్రత్యేక బస్సు దారి బొమ్మ ఉంటాయి. లోపల ఒక పట్టికలో మొదటిది ఖరీదనీ రెండోది చవకనీ రాసి ఉంటుంది. సామర్థ్యం అన్న గడిలో గంటకు ఇన్ని వేల మంది అంటూ రెండు గుండ్రటి అంకెలు వేసి ఉంటాయి. చర్చంతా ఆ అంకెల చుట్టూ తిరిగి, చివరకు చేతులెత్తే దాకా వస్తుంది. ప్రణాళిక, ట్రాక్, సిగ్నళ్లు, డిపో నిర్వహణ పనుల్లో ఉన్న మేమంతా కలిసి ఈ లేఖ రాయడానికి కారణం ఆ గుండ్రటి అంకెలే. అవి బండిని చూసి వేసినవి. ఒక మార్గం నిజంగా ఎంతమందిని మోస్తుందో తేల్చేవి మాత్రం ఆ దారిలోని అతి ఇరుకైన కూడలి, అతి రద్దీగా ఉండే స్టాపు. ఆ రెండు చోట్లా సెకన్లు ఎలా ఖర్చవుతున్నాయో తెలిస్తే ఏ బండి కావాలన్న ప్రశ్న చాలావరకు తీరిపోతుంది.

పోల్చేటప్పుడు ఏ బండిని దేనితో పోలుస్తున్నామో ముందే చెప్పుకోవాలి. ఈ లేఖలో బస్సు అంటే మధ్యలో మడత పడే 18 మీటర్ల పొడవాటి బస్సు. లైట్ రైల్ అంటే 30 మీటర్ల బండ్లు రెండు కలిపిన 60 మీటర్ల రైలు. ఆ బస్సులో 100 మంది, ఆ రైలులో 360 మంది అన్న లెక్క వాడుతున్నాం. తయారీదారుల కరపత్రాల్లో ఇంతకంటే చాలా పెద్ద అంకెలు కనిపిస్తాయి. చదరపు మీటరుకు ఆరుగురినో ఎనిమిది మందినో నిలబెట్టి వేసిన లెక్కలు అవి. అంత ఒత్తిడిలో దిగేవాళ్లు తలుపు దాకా రావడానికే సమయం పడుతుంది, స్టాపులో బండి ఎక్కువసేపు ఆగుతుంది, గంటకు నడిచే బండ్ల సంఖ్య పడిపోతుంది. కిక్కిరిసిన బండినీ నిమిషానికో బండినీ ఒకే పట్టికలో చూపించిన ప్రతిపాదన కనిపిస్తే, అక్కడే ఆపి రెంటిలో ఏది నిజమో అడగండి.

ముందుగా స్టాపు సంగతి. బస్సు దారి సామర్థ్యం లెక్కించేటప్పుడు ఒక బెర్తు, అంటే ఒక బస్సు నిలిచే చోటు, గంటలో ఎన్ని బస్సులను పంపగలదో చూస్తారు. అందులోకి నాలుగు సంగతులు వస్తాయి: బస్సు ఆగి ఉండే సమయం, అది కదిలాక వెనక బస్సు ఆ చోటికి చేరేదాకా పట్టే సమయం, ఆగే సమయం ఒక బస్సుకూ ఇంకో బస్సుకూ ఎంత మారుతుందన్నది, స్టాపు ముందే సిగ్నల్ ఉంటే అందులో పచ్చదీపం వాటా. బస్సు సగటున 30 సెకన్లు ఆగుతుందనీ, చోటు ఖాళీ కావడానికి 15 సెకన్లు పడుతుందనీ, ఆగే సమయంలో హెచ్చుతగ్గులు సగటులో 60 శాతమనీ, పచ్చదీపం సగం కాలమే ఉంటుందనీ అనుకోండి. వచ్చిన పది బస్సుల్లో ఒకదానికి మించి స్టాపు బయట నిలబడకూడదని షరతు పెడితే గంటకు 34 బస్సులే పోగలవు. కాగితం మీద నిమిషానికో బస్సు సులువుగానే తోస్తుంది. ఒక్క బెర్తు ఉన్న స్టాపులో మాత్రం అందులో సగానికి కాస్త పైన దొరుకుతుంది, అంతే.

ఇదే స్టాపును సిగ్నల్‌కు దూరంగా జరిపితే 34 కాస్తా 53 అవుతుంది. సిగ్నల్‌ను అలాగే ఉంచి ఆగే సమయాన్ని 15 సెకన్లకు తగ్గించినా సరిగ్గా 53 వస్తుంది. మొదటిది స్థలం ఉంటేనే కుదురుతుంది. రెండోది ఎక్కడైనా సాధ్యమే. పన్నెండు మంది ఎక్కాలి, ఒకే తలుపు ఉంది, లోపల టికెట్ కొట్టాలి, మనిషికి 4 సెకన్లు అనుకుంటే 48 సెకన్లు పోయాయి. ప్లాట్‌ఫాం మీదే టికెట్ తీసుకుని, బస్సు నేల ఎత్తులోనే ప్లాట్‌ఫాం ఉండి, మూడు వెడల్పాటి తలుపుల నుంచి ఎక్కితే తలుపుకు నలుగురు, మనిషికి ఒకటిన్నర సెకను. తలుపులు తెరిచి మూసే 5 సెకన్లు కలిపినా 11 సెకన్లలో పని అయిపోతుంది. రోడ్డుకు ఎర్రరంగు పూసి, బస్సు లోపల టికెట్లు మాత్రం యథావిధిగా కొట్టించే ప్రతిపాదనలు ఇప్పటికీ వస్తున్నాయి. ఆ రంగు డబ్బు దండగ.

బెర్తుల సంఖ్య పెంచితే సరిపోతుందిగా అని సమావేశంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒకదాని వెనక ఒకటిగా ఉన్న బెర్తుల్లో ముందు బస్సు కదలనిదే వెనక బస్సు కదలదు. అందుకే రెండో బెర్తు మొదటిదానిలో మూడొంతుల పనే చేస్తుంది. మూడోది ఇంకాస్త తక్కువ. నాలుగు, ఐదు బెర్తులు కట్టినా ఆ ఐదూ కలిపి మూడు పూర్తి బెర్తులంత పని కూడా చేయవు. పైగా బస్సు ఏ బెర్తులో ఆగుతుందో తెలియక జనం ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ పరుగులు తీస్తారు, ఆ పరుగుల్లో ఇంకో పది సెకన్లు పోతాయి. బస్సులు ఒకదాన్ని ఒకటి దాటి వెళ్లే లేన్ ఉన్నప్పుడే ఈ ముడి విడిపోతుంది. 2000 డిసెంబరులో మొదలైన కొలంబియా రాజధాని బొగోటా బస్సు వ్యవస్థ ట్రాన్స్‌మిలేనియో ఒక దిక్కున గంటకు 40,000 పైచిలుకు మందిని మోస్తుందని ప్రతి బస్సు ప్రతిపాదనలోనూ రాస్తారు. అది నిజమే. అక్కడ స్టేషన్ల దగ్గర దిక్కుకు రెండు లేన్లు ఉన్నాయి. ఒక్కో స్టేషన్‌ను విడివిడి ప్లాట్‌ఫాం భాగాలుగా చీల్చారు, కొన్ని స్టేషన్లను వదిలేసి పోయే ఎక్స్‌ప్రెస్ బస్సులు నడుస్తున్నాయి, టికెట్ బయటే. స్టేషన్ దగ్గర రెండు దిక్కులకూ కలిపి నాలుగు లేన్లంటే 14 మీటర్లు, మధ్య ప్లాట్‌ఫాంకు ఇంకో 4, 5 మీటర్లు. దిక్కుకు ఒక్క లేన్‌తో సరిపెట్టుకునే బస్సు దారికీ, లైట్ రైల్‌కూ అదే చోట 11, 12 మీటర్లు చాలు. మీ రోడ్డు మధ్యలో 18 మీటర్లు దొరకనప్పుడు బొగోటా అంకెను మీ నివేదికలో రాయడానికి వీల్లేదు.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ అనుభవం ఇంకో రకం. అక్కడి ఆగ్నేయ బస్సు దారి 2000, 2001 సంవత్సరాల్లో తెరుచుకుంది. కూడళ్లు తగలకుండా వంతెనలు, సొరంగాలతో చాలా బాగా కట్టారు. శివార్ల నుంచి వచ్చే రకరకాల బస్సులు నేరుగా ఆ దారెక్కి, బండి మారే పని లేకుండా జనాన్ని నగరం మధ్యకు చేరుస్తాయి. అయితే అవన్నీ నగరం అంచున కల్చరల్ సెంటర్ స్టేషన్ దగ్గర పోగయ్యేవి. రద్దీ వేళ బస్సుల వరుస స్టేషన్ దాటి వెనక్కి పాకేది. దారి పొడవునా పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క స్టేషన్ దగ్గర కరిగిపోయింది. తర్వాత ఆ నగరం రెండు మడతల, 24 మీటర్ల పైచిలుకు పొడవున్న విద్యుత్ బస్సుల వైపు మళ్లింది. తక్కువ బండ్లతో ఎక్కువ మందిని స్టేషన్ దాటించడమే ఆ మార్పు ఉద్దేశం.

ఇక కూడలి. సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి 90 సెకన్లు తీసుకుంటే గంటకు 40 చుట్లు. ఒక దిక్కున గంటకు 3,600 మంది ప్రయాణించాలనుకుందాం. రైలైతే 10 చాలు, రెండు దిక్కులా కలిపి 20. 40 చుట్లలో ఎక్కువలో ఎక్కువ సగం చుట్లలోనే రైలు కూడలికి వస్తుంది. రైలు రాకను 300 మీటర్ల ముందే గుర్తించి పచ్చదీపాన్ని 10 సెకన్లు పొడిగించవచ్చు. అడ్డ రోడ్డు పోగొట్టుకున్న ఆ 10 సెకన్లను రైలు రాని తర్వాతి చుట్టులో తిరిగి ఇవ్వవచ్చు. అదే జనాన్ని బస్సుల్లో మోస్తే దిక్కుకు 36, రెండు వైపులా 72. ప్రతి చుట్టులోనూ దాదాపు రెండు బస్సులు వస్తాయి. తిరిగి ఇవ్వడానికి ఖాళీ చుట్టే మిగలదు. అప్పుడు ట్రాఫిక్ విభాగం ఏం చేస్తుందో మాకు తెలుసు: కొన్ని వారాలు చూసి, అడ్డ రోడ్డు నుంచి ఫిర్యాదులు రాగానే బస్సుకు పచ్చదీపం పొడిగించే ప్రాధాన్యం మీట కట్టేస్తుంది. దాని గురించి ఎవరికీ చెప్పదు. రోడ్డు మట్టాన కూడళ్లు ఎక్కువగా ఉన్న దారిలో పట్టాలకు ఉన్న అసలు బలం ఇక్కడుంది. ఉక్కు చక్రం మెత్తగా సాగడం, అట్ట మీది బొమ్మ అందం ఆ తర్వాతి సంగతులు.

రైలుకూ దాని హద్దు దానికుంది. దిక్కుకు గంటకు 17 రైళ్లయితే రెండు వైపులా 34, అంటే దాదాపు ప్రతి చుట్టులోనూ ఒకటి. రోడ్డు మట్టాన రెండున్నర నిమిషాల కంటే దగ్గరగా రైళ్లు నడపడం చాలా కష్టం. గంటకు 24 రైళ్లు, రైలుకు 360 మంది, మొత్తం 8,640. దానికి మించిన అంకె కనబడితే కూడళ్లను పైనుంచో కిందనుంచో దాటిస్తున్నారా అని అడగండి. రైలు పొడవును కూడా పక్క వీధుల మధ్య దూరమే నిర్ణయిస్తుంది. 60 మీటర్ల రైలు ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు వెనక కూడలి 55 మీటర్లలోనే ఉంటే దాని తోక ఆ వీధిని మూసేస్తుంది. కెనడాలోని కాల్గరీ నగరం 1981లో లైట్ రైల్ మొదలుపెట్టి, నగరం నడిబొడ్డున సెవెంత్ అవెన్యూ మీద రోడ్డు మట్టానే నడిపింది. సొరంగం ఖర్చు తప్పింది, మార్గం బాగా ఆదరణ పొందింది. అదే వీధిలో ఇంకా ఎక్కువ రైళ్లు దూర్చే వీలు లేక, తర్వాత మూడు పెట్టెల రైళ్లను నాలుగు పెట్టెలకు పెంచాల్సి వచ్చింది. అందుకు ప్లాట్‌ఫాంలన్నీ పొడిగించారు. మొదటి రోజునే ప్లాట్‌ఫాంకు రెండు వైపులా కాస్త ఖాళీ వదిలి, ఆ కింద పైపులు వేయకుండా ఉంచుకునే నగరానికి ఈ ఖర్చు చాలా తగ్గుతుంది.

ఇస్తాంబుల్ మెట్రోబస్సును చూస్తే ఈ లెక్క తిరగబడుతుంది. 2007లో మొదలై ఇప్పుడు 52 కిలోమీటర్లు ఉన్న ఆ దారి హైవే మధ్యలో పోతుంది. దారిలో కూడళ్లే లేవు కాబట్టి బస్సులు ఒకదాని వెనక ఒకటి అర నిమిషం లోపే వస్తుంటాయి. మధ్య ప్లాట్‌ఫాం వాడాలి, బస్సు తలుపులేమో మరో పక్కన ఉన్నాయి. అందుకని అక్కడ బస్సులను ఎదురు దిక్కున నడిపిస్తున్నారు. బండి కొత్తగా తయారు చేయించుకోవాల్సిన అవసరం తప్పింది. కూడళ్లు లేని చోట రైలుకు దీటుగా బస్సు నిలుస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

లాస్ ఏంజెలెస్‌లో ఆరెంజ్ లైన్ బస్సు దారిని 2005లో పాత రైలు మార్గం స్థలంలోనే వేశారు. స్థలం మొత్తం ప్రత్యేకమే, పక్క వాహనాల బాధ లేదు. కూడళ్లు మాత్రం రోడ్డు మట్టానే ఉండిపోయాయి, గేట్లు లేవు. తెరిచిన కొద్దికాలానికే కూడళ్లలో కార్లు బస్సులను గుద్దడంతో, బస్సులు అక్కడ గంటకు 10 మైళ్ల వేగానికి తగ్గి పోవాలన్నారు. దారి ఉన్నా వేగం పోయింది. తర్వాత అదే దారికి రైల్వే గేట్లు, కొన్ని చోట్ల వంతెనలు పెట్టే పని చేపట్టారు. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా వేసిన 5.8 కిలోమీటర్ల బస్సు దారి 2016లో పూర్తిగా తీసేశారు. రోడ్డు మధ్యలో బస్సు లేన్లు, ప్రతి పెద్ద కూడలిలోనూ మలుపులకు విడి దశలు (అంటే ఒక్కో వైపు వాహనాలకు విడిగా పచ్చదీపం), దాంతో సాగదీసిన సిగ్నళ్లు. బస్సూ ఆగింది, కారూ ఆగింది. తిట్లు మాత్రం బస్సుకే పడ్డాయి. సిగ్నల్ దశ మారిన ప్రతిసారీ ఇంచుమించు 4 సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. రెండు దశల కూడలిలో చుట్టుకు 8 సెకన్లు పోతే, నాలుగు దశల కూడలిలో 16. బస్సు దారిని కోసుకుంటూ తిరిగే మలుపును నిషేధించి, ఆ వాహనాలను ముందున్న యూటర్న్‌కు పంపితే ఆ 8 సెకన్లు మిగులుతాయి. దుకాణదారులు ఒప్పుకోరు, ట్రాఫిక్ పోలీసులకు కొత్త తలనొప్పి. ఆ మాట ఓటింగుకు ముందే తేలాలి, రోడ్డు తవ్వాక కాదు.

బండ్ల సంఖ్య, డ్రైవర్ల లెక్క ఇప్పుడు చూద్దాం. ఒక మార్గంలో బండి పోయి తిరిగి వచ్చి, చివర కాసేపు ఆగడానికి మొత్తం 80 నిమిషాలు పడుతుందనుకోండి. రద్దీ వేళ ఒక దిక్కున గంటకు 6,000 మంది. 100 మంది బస్సులు గంటకు 60, అంటే నిమిషానికొకటి. దారిలో ఏకకాలంలో 80 బస్సులు, స్పేర్‌తో కలిపి 90. రైలైతే గంటకు 17, మూడున్నర నిమిషాలకొకటి. దారిలో 23 రైళ్లు, అంటే 46 బండ్లు, స్పేర్‌తో 52. రద్దీ వేళ బస్సులకు 80 మంది డ్రైవర్లు కావాలి, రైళ్లకు 23 మంది చాలు. బస్సు 12, 15 ఏళ్లలో మూలపడుతుంది. లైట్ రైల్ బండి బాగా చూసుకుంటే 30 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి 30 ఏళ్ల లెక్కలో బస్సులను కనీసం రెండుసార్లు కొనాలి.

అదే మార్గంలో గిరాకీ గంటకు 2,000 అయితే లెక్క మారిపోతుంది. బస్సు మూడు నిమిషాలకొకటి వస్తుంది. రెండు బండ్ల రైలు దాదాపు 11 నిమిషాలకొకటి. ఒక్క బండినే నడిపినా ఐదున్నర నిమిషాలు. రద్దీ లేని మధ్యాహ్నం, రాత్రి తొమ్మిది తర్వాత ఇంకా పలచబడుతుంది. జనం వేచి ఉండే సమయాన్ని ప్రయాణ సమయం కంటే బరువుగా మోస్తారు. పట్టాలు వేసి బండ్లు తక్కువగా నడిపే నగరం, రైలు పేరుతో పాత బస్సు కంటే అధ్వాన్నమైన సేవ ఇస్తుంది. మా అభిప్రాయం చెప్పాలంటే, గంటకు 3,000 లోపు ఉన్న దారిలో బస్సును కాదని పట్టాలు వేయడానికి బలమైన కారణం కావాలి. రోడ్డు మట్టాన కూడళ్లు దాటుతూ 4,000 నుంచి 8,000 దాకా మోయాల్సిన దారిలో, స్టేషన్ల దగ్గర వెడల్పు లేనప్పుడు పట్టాలే మేలు. అంతకు మించితే రోడ్డు మట్టాన రెండింటికీ ఊపిరాడదు. నేల విడిచి పోవాల్సిందే.

కట్టడంలో ఎక్కడ తేడా వస్తుందో కూడా తెలుసుకోవాలి. బస్సు దారికి రోడ్డు ఉందిగా, గీతలు గీస్తే చాలనుకుంటారు. ప్లాట్‌ఫాంకు ఆనుకుని ఆగాలంటే ప్రతి బస్సూ ప్రతిసారీ అదే చక్రాల జాడలో నడవాలి. తారు రోడ్డు మీద ఆగే చోట బ్రేకు ఒత్తిడికీ ఎండకూ కలిసి గాడులు పడతాయి, ఆ గాడుల్లో నీరు నిలుస్తుంది, బస్సు వాలుతుంది, ప్లాట్‌ఫాంతో ఎడం పెరుగుతుంది. ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 టన్నుల ఇరుసు స్థానంలో 13 టన్నులది వస్తే నష్టం 2.8 రెట్లు దాటుతుంది. బ్యాటరీ బస్సులు డీజిల్ బస్సుల కంటే బరువు. అందుకే స్టాపుల దగ్గర, కూడళ్లకు ముందు 25, 30 సెంటీమీటర్ల మందం కాంక్రీటు పలకలు, పలకల అతుకుల దగ్గర వాటిని కలిపి ఉంచే డోవెల్ కడ్డీలు, కింద నీరు నిలవని గట్టి పునాది వేయాలి. బొగోటాలోనే పునాది సరిగా లేని కాంక్రీటు పలకలు తెరిచిన కొన్నేళ్లకే పగిలి పెద్ద మరమ్మతులు కావాల్సి వచ్చాయి. పలక మందంలో అయిదు సెంటీమీటర్లు మిగిల్చే గుత్తేదారు మీకు ఆదా చూపిస్తాడు. ఆ ఆదా మీ తర్వాతి పాలకమండలి నెత్తిన పడుతుంది.

పట్టాలకు అసలు కష్టం నేల కింద. పట్టాల కింద నీటి పైపు పగిలితే రైళ్లు ఆపి తవ్వాలి, కాబట్టి పైపులు, మురుగు కాలువలు, కేబుళ్లు ముందే పక్కకు జరపాలి. పాత పటాల్లో చూపిన చోట పైపు ఉండదు, చూపని చోట ఉంటుంది. ప్రతి కూడలిలో, మధ్యలో కొంత దూరానికొకటి పరీక్ష గుంతలు తవ్వి చూడకుండా పిలిచిన టెండరు తప్పుడు టెండరే. ఎడిన్‌బరో ట్రామ్ 2014లో తెరుచుకునేసరికి 14 కిలోమీటర్లకు 77.6 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. మొదట అనుకున్న దారి కుదించుకున్నాక కూడా అంత. పైపులు జరిపే పని ముగియకుండానే పట్టాల పని మొదలవడం అక్కడి ఆలస్యాలకు ఒక ముఖ్య కారణం. ఇంకో సంగతి బయటకు కనబడదు. 750 వోల్టుల డీసీ కరెంటు పట్టాల ద్వారా తిరిగి సబ్‌స్టేషన్‌కు పోతుంది. పట్టాకు రబ్బరు తొడుగు సరిగా లేకపోతే కరెంటు మట్టిలోకి జారి పక్కనున్న ఇనుప పైపులను తినేస్తుంది. ఆ తొడుగును కాంక్రీటు పోసేముందు పరీక్షించాలి. పోశాక సరిదిద్దడం అంటే పగలగొట్టడమే.

రైలు చెడిపోతే దాన్ని దాటి పోయే దారి లేదు. ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే క్రాసోవర్లు 2 కిలోమీటర్లకొకటి ఉంటే, ఆ ముక్కను గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దాటడానికి 6 నిమిషాలు. రెండు దిక్కుల రైళ్లూ ఒకే పట్టా మీద వంతులవారీగా పోవాలి కనుక ఒక్కో దిక్కున రైలుకూ రైలుకూ ఎడం 14 నిమిషాలవుతుంది. మూడున్నర నిమిషాల సేవ కాస్తా అలా కూలిపోతుంది. ఖర్చు తగ్గించుకునేటప్పుడు మొదట కోతపడేవి ఈ క్రాసోవర్లే. తర్వాతిది డిపోలో చక్రాలను బండి విప్పకుండానే చెక్కే లేత్. అత్యవసర బ్రేకు పడ్డప్పుడు చక్రం జారి చదును మచ్చ పడుతుంది. లేత్ లేకపోతే ఆ బండి వారాలపాటు మూలనుంటుంది. బస్సు దారిలోనూ ఎత్తయిన అడ్డుగట్లు రెండు పక్కలా కట్టేసి, చెడిపోయిన బస్సును దాటే సందు వదలని డిజైన్లు ఉన్నాయి. 300, 400 మీటర్లకొకటి బస్సు ఎక్కి దిగగలిగే వాలు గట్టు ఉండాలి. అక్కడి నుంచి కార్లు దూరకుండా కెమెరా, జరిమానా ఉండాలి.

ఇప్పుడు బస్సు దారి వేసి, జనం పెరిగాక పట్టాలుగా మార్చుకుందాం అన్న మాట సమావేశాల్లో బాగా వినిపిస్తుంది. కెనడా రాజధాని ఒటావా నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడే. 1983 నుంచి ఆ నగరం శివార్లలో వేగవంతమైన బస్సు దారి కట్టుకుంటూ వచ్చింది. నగరం మధ్యలో మాత్రం బస్సులు మామూలు వీధుల్లోని లేన్ల మీదే పోయాయి. శివార్లలో సాఫీగా వచ్చిన బస్సులన్నీ అక్కడ గొలుసుకట్టాయి. చివరకు మధ్యలో సొరంగంతో లైట్ రైల్ కట్టారు, 2019 సెప్టెంబరులో తెరిచారు. బస్సు దారినే రైలుగా మారుస్తున్నన్నాళ్లూ ఆ బస్సులన్నీ తిరిగి వీధుల్లోకి రావాల్సి వచ్చింది. తెరిచాక తలుపుల లోపాలు, చక్రాల మీద చదును మచ్చలు, 2021లో రెండుసార్లు పట్టాలు తప్పడం, అందులో రెండోదాని తర్వాత 54 రోజులు మూత, ఆపైన బహిరంగ విచారణ. మార్చడం అసాధ్యమని కాదు. రోజూ నిండుగా నడిచే దారిని మూసి కొత్తది కట్టడం, ఖాళీ స్థలంలో కట్టడం కంటే చాలా కష్టం. మార్చే ఉద్దేశం నిజంగా ఉంటే వంతెనల బరువు, మలుపుల వ్యాసార్థం, ప్లాట్‌ఫాం పొడవు, పైపులు జరపడం మొదటి రోజే రైలుకు తగ్గట్టు చేయాలి. అవన్నీ చేస్తే బస్సు దారి చవకదనంలో చాలా భాగం అక్కడే పోతుంది.

ఈ రెంటికీ మధ్యన ఏదో కొత్తది తెచ్చామని వచ్చేవాళ్లతో జాగ్రత్త. ఫ్రాన్స్‌లో నాన్సీ, కాన్ (Caen) నగరాలు ఒకే పట్టా మధ్యలో పెట్టి రబ్బరు చక్రాల మీద నడిచే వ్యవస్థను కొన్నాయి. తయారీదారు ఒక్కరే. కాన్ దాన్ని 2017లో ఆపి, మామూలు ఉక్కు చక్రాల ట్రామ్‌ను 2019లో తెచ్చుకుంది. నాన్సీ 2023లో ఆపేసి పైన తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే ట్రాలీబస్సుల వైపు పోయింది. అడిస్ అబాబాలో 2015లో తెరిచిన లైట్ రైల్ సాంకేతికంగా మామూలుదే, అయినా విడిభాగాలు అందక కొన్నేళ్లకే 41 రైళ్లలో చాలా భాగం షెడ్డు పట్టాయి. కొనుగోలు ఒప్పందంలోనే పదేళ్లకు సరిపడా విడిభాగాల జాబితా, ధరలు, సాఫ్ట్‌వేర్ మార్చుకునే హక్కు రాయించుకోవాలి. రైలు ధరలో అవి లేకుండా చూపితే ఆ ధర సగం ధరే.

పోలికలో ఇంకో మోసం ఉంది, కావాలని చేసినా చేయకపోయినా. రైలు ప్రతిపాదనలో దారి మొత్తం ప్రత్యేకంగా ఉంటుంది, బస్సు ప్రతిపాదనలో ప్రత్యేక లేన్ సగం దూరమే ఉండి, వంతెన దగ్గర, ఇరుకు బజారు దగ్గర బస్సు మామూలు ట్రాఫిక్‌లో కలుస్తుంది. ధరలో తేడా చాలావరకు ఆ విడిచిపెట్టిన భాగంలోనే ఉంది. అవి రెండూ ఒకే వస్తువు కావు. పట్టాలకు ఒక గుణం ఉంది: వాటిని మధ్యలో వదిలేయలేరు, కాబట్టి ఇరుకు చోటును కూడా ఎలాగో సాధించుకుంటారు. బస్సు లేన్‌ను వదిలేయవచ్చు, కాబట్టి వదిలేస్తారు. బస్సుకు ఉన్న వెసులుబాటు అని మనం గొప్పగా చెప్పుకునేది, లేన్ లాక్కోవాలనుకునే వాళ్లకూ అంతే వెసులుబాటు.

అందుకే ఓటింగుకు ముందు మీరు అడగాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. దారిలోని ప్రతి కూడలికీ రద్దీ గంట సిగ్నల్ పట్టిక కావాలి, అందులో బండికి, అడ్డ రోడ్డుకి, నడిచి దాటేవాళ్లకి ఎన్ని సెకన్లో స్పష్టంగా ఉండాలి. 24 మీటర్ల రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాటడానికి 20 సెకన్లు పడుతుంది, ఆ 20 సెకన్లను లెక్కలోంచి తీసేసిన పట్టికలు చూశాం. అతి రద్దీ స్టాపులో బండి ఆగే సమయం ఎంత అనుకున్నారో, ఎందుకు అనుకున్నారో రాయించండి. ఇరుకు చోట స్టేషన్ అడ్డకోత పటాన్ని మీటర్లతో గీయించండి. బండ్ల లెక్క, డ్రైవర్ల లెక్క, 30 ఏళ్ల మొత్తం ఖర్చు, అందులో రెండోసారి కొనే బస్సులు, లేత్, క్రాసోవర్లు, విడిభాగాలు అన్నీ ఉండాలి. ఇవన్నీ ప్రజల ముందు పెట్టండి. చదివి తప్పు పట్టగలిగేవాళ్లు ఏ నగరంలోనైనా ఉంటారు.

దీనికి తోడు ఒక చిన్న ప్రయోగం కూడా చేయవచ్చు, ఖర్చు తక్కువ. దారిలో అన్నిటికంటే కష్టమైన 2 కిలోమీటర్లు ఎంచుకుని, కోన్లు, కదిపే కాంక్రీటు దిమ్మెలతో లేన్ వేరు చేసి, ఆరు వారాలు బస్సులను అందులో నడపండి. కూడలిలో ఒక మలుపును నిషేధించండి. బస్సుల ప్రయాణ సమయం, స్టాపులో ఆగే సెకన్లు, లేన్‌లోకి దూరిన ఇతర వాహనాల సంఖ్య, అడ్డ రోడ్డులో వరుస పొడవు రోజూ కొలవండి. ఆరు వారాలు కూడా లేన్‌ను కాపాడలేకపోతే బస్సు దారి ప్రతిపాదనలోని వేగం అంకెను కొట్టేసి కొత్తగా లెక్కలు వేయించండి. కాపాడగలిగి, స్టాపులో బస్సులు బారులు తీరితే అప్పుడు లైట్ రైల్ పత్రాలను బయటకు తీయండి. కొలతలతో పాటు కొలిచిన పద్ధతిని, పచ్చి లెక్కల పట్టికలను కూడా ఓటింగు తేదీకి కనీసం నెల ముందు బయటపెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
నగర రవాణా ప్రణాళిక, ట్రాక్, సిగ్నలింగ్, డిపో నిర్వహణ పనుల్లో ఉన్న కొందరం